ఫోన్ మ్యాప్‌ని నమ్ముకుని లారీ తోలొచ్చా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. కొత్తగా హెవీ లైసెన్సు వచ్చింది, చిత్తూరులో ఒక ట్రాన్స్‌పోర్టు వాళ్లు పది టైర్ల బండి ఇస్తామన్నారు, క్లీనర్ ఉండడు, మొదట చెన్నైలోని కోయంబేడు మార్కెట్, బెంగళూరు, చేయి తిరిగాక కేరళ లైను. పాత డ్రైవర్లు "ఫోన్ చూసి తోలేవాడు డ్రైవరే కాదు" అంటున్నారు. ఓనరేమో "లొకేషన్ పంపిస్తా, చూసుకుంటా పో" అంటున్నాడు. ఎవరి మాట వినాలి, పేపరు మ్యాపు ఒకటి కొనుక్కోవాలా అని.

ఇద్దరి మాటా సగం సగం విను. నేను 1998లో క్లీనర్‌గా బండెక్కినవాణ్ణి, 2004 నుంచి స్టీరింగ్ నా చేతిలోనే ఉంది. ఫోన్ లేని కాలమూ చూశా, ఫోన్ లేనిదే గేటు దాటని కాలమూ చూస్తున్నా. నీ ప్రశ్నలో అన్నిటికంటే పెద్ద మాట ఏదో తెలుసా? మ్యాపు సంగతి కాదు. "క్లీనర్ ఉండడు" అన్నావే, అదీ.

మా కాలంలో క్లీనర్ అంటే టైర్లకు గాలి చూసేవాడు, లోడు మీద పట్టా, అంటే టార్పాలిన్, కట్టేవాడు మాత్రమే కాదు. సందేహం వచ్చిన ప్రతిచోటా కిందికి దూకి ముందు నడిచేవాడు. కొమ్మ తగులుతుందా, కరెంటు తీగ ఎంత కిందికి ఉంది, కల్వర్టు గోడ విరిగి ఉందా, ఎదురుగా బస్సు వస్తే తప్పుకునే చోటు ఉందా అన్నీ చూసి, ఎడమ తలుపు మీద రెండు సార్లు తట్టి "రైట్ రైట్" అనేవాడు. ఆ తట్టు వినబడకుండా మా గురువు క్లచ్ వదిలేవాడు కాదు. ఇప్పుడు ఓనర్లు క్లీనర్ బత్తా (రోజు ఖర్చుల డబ్బు) మిగులుతుందని ఒక్కణ్ణే పంపిస్తున్నారు, క్లీనర్ సీట్లో ఫోన్ కూర్చుంది. అది దోవ చెబుతుంది, సరే. కానీ దిగి చూడదు. ఆ దిగి చూసే పని ఎవరు చేయాలి అనేదే నీ ప్రశ్నకు అసలు జవాబు, మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

ముందు ఆ ఫోన్‌లో ఏం జరుగుతుందో కాస్త తెలుసుకో. చాలామంది "శాటిలైట్ చెబుతోంది కదన్నా, తప్పెట్లా అవుతుంది" అంటారు. శాటిలైట్‌కు రోడ్డు సంగతే తెలియదు. పైనుంచి అవి టైము, తాము ఎక్కడ ఉన్నామనేది మాత్రమే పంపుతుంటాయి. కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే నీ ఫోన్ లెక్కేసుకుని తానెక్కడ ఉందో తెలుసుకుంటుంది. అంతే. అమెరికా వాళ్ల జీపీఎస్ అయినా, మన నావిక్ అయినా పద్ధతి అదే. నావిక్ మొదటి ఉపగ్రహం 2013 జులై 1న రాత్రి పదకొండు నలభై దాటాక మన శ్రీహరికోట నుంచే లేచింది, ఆ రాత్రి నేను నాయుడుపేట దగ్గర బండి పక్కకు పెట్టి, ఇంకో నలుగురు డ్రైవర్లతో కలిసి రోడ్డు మీద నిలబడి చూశా. తూర్పంతా తెల్లారినట్టయింది. అది దేనికి పనికొస్తుందో ఆ రోజు మాలో ఒక్కడికీ తెలియదనుకో. సరే, చెప్పొచ్చేదేమంటే, నువ్వున్న చోటు చెప్పేది ఆకాశం, ఎటు తిరగాలో చెప్పేది మాత్రం ఒక కంపెనీ తయారుచేసిన రోడ్ల బొమ్మ. తప్పు వచ్చేది దాదాపు ఎప్పుడూ ఆ బొమ్మలోనే. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర రామగంగ మీద సగం తెగిపోయిన వంతెన నుంచి కారు పడిపోయి ముగ్గురు చనిపోయారే, వాళ్లు మ్యాపు చూసుకుంటూ వెళ్లినవాళ్లే. వంతెన లేదన్న సంగతి బొమ్మలోకి రాలేదు.

ఇంకోటి. మనం రోజూ వాడే గూగుల్ మ్యాప్‌లో కారు ఉంది, బైకు ఉంది, బస్సు ఉంది, నడక ఉంది. లారీ లేదు. నీ బండి ఎత్తు ఎంత, లోడుతో కలిపి ఎన్ని టన్నులు, మలుపులో ఎంత చోటు కావాలి అని అది నిన్ను అడగనే అడగదు. నువ్వు 28.5 టన్నుల పాసింగ్ (బండి, లోడు కలిపి అనుమతించిన బరువు) ఉన్న బండిలో కూర్చుని ఉంటే అది నిన్ను మారుతీ కారు అనుకునే దోవ చూపిస్తుంటుంది. అమెరికాలో లారీలకని వేరే పరికరాలు అమ్ముతారు, ఎత్తు, బరువు అందులో కొట్టి పెట్టుకుంటే తక్కువ ఎత్తు వంతెనలు తప్పించి దోవ చెబుతాయి. తక్కువ ఎత్తు వంతెనల పట్టికలతో లారీ డ్రైవర్లకు విడిగా అట్లాస్‌లూ ఉంటాయి. ఇంత ఉన్నా అక్కడ డర్హామ్ అనే ఊళ్లో 11 అడుగుల 8 అంగుళాల రైలు వంతెన ఒకటి లారీల పైకప్పులు ఒలవడంలో లోకప్రసిద్ధం. 2019లో దాన్ని ఎనిమిది అంగుళాలు పైకి లేపారు, అయినా వచ్చి కొట్టుకునేవాళ్లు కొట్టుకుంటూనే ఉన్నారు.

మనవైపు ఆ వంతెన పని చేసేవి రైల్వే సబ్‌వేలు. కాపలా లేని లెవెల్ క్రాసింగులను బ్రాడ్‌గేజ్ మీద 2019 జనవరికల్లా మొత్తం ఎత్తేశారు, చాలాచోట్ల వాటి బదులు పట్టాల కింద పెట్టెల్లాంటి దారులు వేశారు. మంచి పనే, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ అవి ట్రాక్టరు, కారు, ఆటో పోయేంత ఎత్తే. మ్యాపుకు మాత్రం అది చక్కని రోడ్డు.

ఈ సంగతి నాకెట్లా తెలుసో చెబుతా, పరువు పోయినా ఫర్వాలేదు. స్టీరింగ్ పట్టుకుని పదిహేడేళ్లు దాటాక జరిగింది. జూన్ నెల, దామలచెరువు మండీలో తోతాపురి మామిడికాయ ఎత్తుకుని చిత్తూరు వైపు పల్ప్ ఫ్యాక్టరీకి పోతున్నా. మామూలు దోవలో రోడ్డు పని జరుగుతోంది, బండ్లు ఆగిపోయాయి. ఫోన్‌లో పక్క దోవ ఒకటి వచ్చింది, "12 నిమిషాలు ఆదా" అని. ఫ్యాక్టరీ దగ్గర టోకెన్ల వరస గుర్తొచ్చి ఆశపడ్డా. తిప్పా. రెండు కిలోమీటర్లు తారు బాగానే ఉంది, ఆ తర్వాత రెండు పక్కలా మామిడి తోటలు, ముళ్ల కంచెలు, ఒక్క బండి పట్టే రోడ్డు. ఒక మలుపు తిరిగేసరికి హెడ్‌లైట్ల వెలుగులో పసుపు నలుపు చారల ఇనుప దూలం, దాని మీద 3.60 మీటర్లు అని బోర్డు. నా బండి పట్టా కట్టాక 3.85. దాని వెనకాల పైన రైలు పట్టాలు. ఫోన్‌లో ఆవిడ "నేరుగా కొనసాగండి" అంటోంది.

క్లీనర్ లేడు. అద్దాల్లో చీకటి తప్ప ఏమీ కనబడదు. అర కిలోమీటరుకు పైగా రివర్సు తీయాలి. ప్రతి ఇరవై అడుగులకూ హ్యాండ్ బ్రేకు వేసి, దిగి, వెనక్కి నడిచి, టార్చి వేసి చూసుకుని, మళ్లీ ఎక్కి. గంటన్నర పట్టింది. మధ్యలో తోట కాపలా ఆయన లేచి వచ్చి, తిట్టకుండా టార్చి పట్టుకుని వెనకాల నిలబడి దోవ చూపించాడు, చివర్లో మాత్రం "సామీ, ఈ నెలలో నువ్వు మూడో బండి" అన్నాడు. 12 నిమిషాలు మిగలలేదు, తెల్లారి టోకెన్ పోయింది, కాయ వేడెక్కి తూకం తగ్గింది, రైతు నా మొహం చూడలేదు. ఆ నెలలోనే నాకంటే ముందు రెండు బండ్లు అక్కడ చిక్కుకున్నాయంటే వాళ్లూ అదే నీలి గీత చూసుకుని వచ్చినవాళ్లే కదా.

కాబట్టి నా పద్ధతి: దోవ ఇంట్లో, లేదా ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బెంచీ మీద, బండి కదలక ముందు నిర్ణయమైపోవాలి. బండి కదిలాక ఫోన్ కొత్త దోవ చూపిస్తే అది సలహా మాత్రమే. హైవే నుంచి హైవేకు అయితే ఆలోచించు. తెలియని పల్లె రోడ్డులోకి అయితే ట్రాఫిక్‌లో రెండు గంటలు నిలబడు, ఏం ఫర్వాలేదు. నిలబడ్డ లారీని ఎవడూ ఏమీ అనడు.

పేపరు మ్యాపు అన్నావు. కొనుక్కో, రెండు మూడు వందలు అంతకంటే వృథాగా ఖర్చుపెడుతుంటాం. దాని లాభం ఏమంటే ఫోన్ నీకు చేతి వెడల్పు ప్రపంచమే చూపిస్తుంది, పెద్ద కాగితం మొత్తం దేశాన్ని ఒకేసారి చూపిస్తుంది, ఏ ఊరి తర్వాత ఏ ఊరు, ఏ హైవే ఎక్కడ కలుస్తుంది అనేది బుర్రలో బొమ్మ పడుతుంది. చిత్తూరు నుంచి 40వ నంబరు జాతీయ రహదారి కిందికి రాణిపేట వైపు పోతుంది, పైకి పీలేరు, రాయచోటి, కడప, కర్నూలు. 69 పలమనేరు, ముళబాగిలు మీదుగా కోలారు వైపు. తిరుపతి నుంచి 716 అయితే పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు, చెన్నై. ఈ నాలుగు గీతలు నీ తలలో ఉంటే ఫోన్ ఏ పిచ్చి మాట చెప్పినా "ఇదేంటి, తూర్పుకు పోవాల్సింది ఉత్తరం చూపిస్తోంది" అని నీకే తడుతుంది. ఆ తట్టడం కోసమే కాగితం. బండి నడుపుతూ దాన్ని చూడటానికి కాదు.

కిలోమీటరు రాళ్లు చూడటం కూడా నేర్చుకో, ఈ కాలం పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. రాయి తల పసుపు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే పల్లె రోడ్డు. పసుపు మీద పోతున్నవాడివి ఉన్నట్టుండి నారింజ రాయి కనబడిందంటే ఎక్కడో తప్పావని అర్థం, ఫోన్ ఏం చెప్పినా సరే, చోటు చూసి ఆపు.

ఘాట్ల గురించి కాస్త ఎక్కువ చెబుతా, ఎందుకంటే మనవైపు కొత్త డ్రైవర్లు నష్టపోయేది అక్కడే. పలమనేరు మిట్ట మీద ఉంది, చిత్తూరు పల్లంలో ఉంది, మధ్యలో మొగిలి ఘాటు. మదనపల్లె, పీలేరు నుంచి తిరుపతికి దిగాలంటే భాకరాపేట ఘాటు. మ్యాపులో ఈ రెండూ మిగతా రోడ్డులాగే ఒక నీలి గీత, "11 నిమిషాలు" లాంటి మాట, అంతే. ఎంత వాలు ఉందో, ఎక్కడ మొదలవుతుందో, ఏ గేరులో దిగాలో ఉండదు. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ ఆ గేరే, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగను అడ్డుకుని బండిని నిదానం చేసేది) వేసుకుని, దిగడం మొదలుపెట్టకముందే గేరు మార్చేయాలి. మధ్యలో మార్చబోతే పడకపోవచ్చు, అప్పుడు న్యూట్రల్‌లో 28 టన్నులు నిన్ను తోసుకుపోతాయి. కాలు బ్రేకు మీదే పెట్టుకుని దిగితే డ్రమ్ములు వేడెక్కి, సరిగ్గా కావాల్సిన మలుపులో బ్రేకు పట్టదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టేవాళ్లను నువ్వు చూస్తావు, వాళ్లతో స్నేహం చేయొద్దు. భాకరాపేట ఘాటులో సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు, అక్కడ ఫోన్ వైపు చూడాల్సిన పనే లేదు.

సిగ్నల్ అంటే గుర్తొచ్చింది. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, మ్యాపుకు కావాలి. కాబట్టి నువ్వు పోయే లైను మ్యాపును ముందే వైఫైలో డౌన్‌లోడ్ చేసిపెట్టుకో. అలాగే సెట్టింగులు చూసుకో. మాకు తెలిసిన కుర్రాడొకడు బండి ఎక్కేముందు బైకు మీద ఊళ్లో తిరిగి, బైకు మోడ్‌లోనే ఉంచి లోడుతో బయల్దేరాడు, సందుల్లోంచి తీసుకుపోయి కూరగాయల సంత మధ్యలో నిలబెట్టింది. ఇంకొందరు ఓనర్లు టోల్ మిగుల్చుకోవడానికి "టోల్ రోడ్లు వద్దు" అని పెట్టిస్తారు. అది పెట్టావా, ఊళ్ల మీదుగా, స్పీడ్ బ్రేకర్ల మీదుగా తీసుకుపోతుంది, మిగిలిన టోలు డీజిల్‌లోనూ స్ప్రింగు పట్టీల్లోనూ పోతుంది. ఓనరుకు ఇది లెక్క వేసి చూపించు, నోటితో చెబితే వినరు.

అది చూపించే టైము కారు టైము. మనకు నాలుగు లైన్ల మీదే 80 దాటదు, మామూలు రోడ్డు మీద 60, ఆ పైన టోల్‌గేటు, బరువు తూచే కాటా, బ్రేకు ఇన్‌స్పెక్టర్ దయ. ఫోన్ నాలుగు గంటలు అంటే నువ్వు ఆరు అనుకో. పెద్ద ఊళ్లలో పగటిపూట హెవీకి నో ఎంట్రీ ఉంటుంది, అదీ కలుపుకో. ఈ-వే బిల్లు, అంటే సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం, 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన నడుస్తుంది, దూరం లోడుకు అదీ గుర్తుండాలి.

పేర్ల దగ్గర మహా జాగ్రత్త. మన చిత్తూరు ఉంది, కేరళలో పాలక్కాడ్ పక్కన ఇంకో చిత్తూరు ఉంది, రాజస్థాన్‌లో చిత్తోడ్‌గఢ్ ఉంది. వెంకటగిరి వేరు, వెంకటగిరి కోట వేరు, ఒకటి ఆ చివర, ఇంకోటి ఈ చివర. గంగాధర నెల్లూరుకు వెళ్లమంటే నెల్లూరు కొట్టుకున్నవాడూ ఉన్నాడు. ఊరి పేరు కొట్టొద్దు, పిన్‌కోడు అడుగు, అన్‌లోడు చేసుకునేవాళ్ల దగ్గర లొకేషన్ తెప్పించుకో, తెప్పించుకున్నాక ఫోన్ చేసి "ఇది ఆఫీసుదా, గోడౌన్‌దా? హెవీ బండి ఏ గేటు నుంచి రావాలి?" అని ఈ రెండు ముక్కలు అడుగు. సగం మంది ఆఫీసు ముందు కూర్చుని అక్కడి నుంచే లొకేషన్ పంపుతారు. రాత్రి పడుకునేముందు శాటిలైట్ ఫొటో పెట్టుకుని చివరి రెండు కిలోమీటర్లు వేలితో నడిచి చూడు. గోడౌన్ ముందు వేరే లారీలు నిలబడి కనబడుతున్నాయా? కనబడితే నీదీ పోతుంది. ఇళ్ల కప్పులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే మెయిన్ రోడ్డు మీదే ఆపి మనిషిని రమ్మను. ఫోన్‌తో నాకు అన్నిటికంటే లాభం ఈ పనిలోనే. పాత డ్రైవర్లకు ఈ సౌకర్యం లేదు, అందుకే వాళ్లు తిడుతుంటారనుకో.

కేరళ లైనుకు నీకు ఇంకా టైముంది గానీ ఒక్క మాట. బెంగళూరు నుంచి కోళిక్కోడ్‌కు మ్యాపు మైసూరు, బందీపూర్ మీదుగా చూపిస్తుంది. బందీపూర్ అడవిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు గేటు మూసేస్తారు, నువ్వు పగలు చూసుకున్న దోవ రాత్రికి దోవే కాదు. సత్యమంగళం వైపు దింబం ఘాటులో 27 హెయిర్‌పిన్ మలుపులు, బరువు మీద ఆంక్షలు కూడా ఉన్నాయి, పది టైర్ల లోడు బండితో అటు తలపెట్టొద్దు. కోయంబత్తూరు, వాళయార్ మీదుగా పో, చుట్టు అయినా సరే.

వానాకాలంలో మన ఊళ్లనే నమ్మొద్దు. 2021 నవంబరు వానల్లో స్వర్ణముఖి పొంగి ఎన్ని కాజ్‌వేలు కొట్టుకుపోయాయో తిరుపతి వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. తిరుపతిలో రైల్వే అండర్ బ్రిడ్జిలు గట్టి వాన పడితే చెరువులు. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి ఎదురొచ్చే లారీవాడికి లైటు కొట్టి ఆపి అడుగు. అతను అరగంట క్రితం ఆ రోడ్డు మీదే వచ్చాడు. "దోవ ఎట్లుందన్నా" అంటే పేరు తెలియని తమిళం డ్రైవరైనా చేయి ఊపి చెప్పేస్తాడు.

పోలీసుల సంగతి. బండి నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుంటే డేంజరస్ డ్రైవింగ్ కింద వెయ్యి నుంచి ఐదు వేల వరకు ఫైను, జైలు కూడా రాసి ఉంది. దోవ చూసుకోవడానికి మాత్రం, ధ్యాస చెదరకుండా, వాడొచ్చని 2020లో రూల్ మార్చారు. అంటే స్టాండు కొని కంటి ఎత్తులో పెట్టుకో, తెలుగులో వాయిస్ పెట్టుకో, రీల్స్ పెట్టుకున్నావా ఆ రూల్ నిన్ను కాపాడదు. ఎండాకాలం అద్దం దగ్గర పెడితే మధ్యాహ్నానికి ఫోన్ వేడెక్కి ఆరిపోతుంది, మన ఎండలకు కచ్చితంగా ఆరిపోతుంది, ఏసీ లేని క్యాబిన్‌లో నేను తడి గుడ్డ పక్కన పెట్టేవాణ్ణి.

చివరగా ఒక నోటు పుస్తకం పెట్టుకో. నాది పాతది, డీజిల్ మరకలతో అట్ట నల్లబడిపోయింది, కోయంబేడు పేజీ చిరిగిపోతే టేపు వేశా. అందులో ఎక్కడ పార్కింగు దొరుకుతుంది, ఏ బంకులో గాలి ఉచితం, ఏ ఊళ్లో తీగలు కిందికి ఉన్నాయి, ఏ వంతెన ఎత్తు ఎంత అని రాసుకున్నా. నీ పుస్తకం మొదటి పేజీలో మాత్రం నీ బండి ఎత్తు రాయి. ఆర్‌సీలో చూసి రాయొద్దు, టేపు పట్టుకుని కొలువు, పట్టా కట్టాక ఒకసారి, ఖాళీగా ఒకసారి. ఖాళీ బండి స్ప్రింగులు లేచి లోడు బండికంటే ఎత్తు ఉంటుంది. పోయేటప్పుడు లోడుతో దూరిన వంతెన కింద వచ్చేటప్పుడు ఖాళీగా తగిలించుకున్నవాళ్లను నేను ఇద్దర్ని చూశా. కొలిచి ఆ రెండు నంబర్లు, బండి మోడల్ చెప్పు, నీ మొదటి కోయంబేడు ట్రిప్పు దోవ ఊరు ఊరుగా రాసిపెడతా.